లోపల వదిలిన గుడ్డ

కోడలు దారం చివర పంటితో కొరికి, ఆఖరి సూదిని కూడా గుడ్డ దిండుకు గుచ్చింది. నల్లదారం సూదులు ఒక పక్క, ఖాకీవి ఇంకో పక్క, తెల్లవి మధ్యలో. రోజూ పొద్దున్నే ఇదే పని. మామగారు కొట్టు తలుపులు తీసి, మిషను మీద కప్పిన గుడ్డ దులిపి, చక్రానికి నూనె చుక్కలు వేసేలోపు ఆమె వెనక గదిలోంచి వచ్చేస్తుంది. చంకలోని పిల్లను కత్తిరింపు ముక్కల బుట్టలో పడుకోబెడుతుంది. గుమ్మం దగ్గర వెలుతురులో నిలబడి, ఆ రోజుకు సరిపడా సూదులకు దారం ఎక్కించి పెట్టి వెళ్ళిపోతుంది. ఆ ముసలాయనకు కుట్టుపని కళ్ళు మూసుకునైనా వచ్చు గానీ, సూది బెజ్జం కనపడడం మానేసి చాలాకాలమైంది. ఆ గుడ్డ దిండు ఆయన భార్య కుట్టింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ సూదుల పని ఆవిడదే. ఆవిడ పోయాక కోడలికి ఎవరూ చెప్పలేదు, తనే అందుకుంది.

ముసలాయన దిండును ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని చూశాడు.

"ఇవాళ తెల్లవి ఎక్కువ పెట్టినట్టున్నావే?"

"తెల్లగుడ్డే కదా కుడుతున్నారు. సొరుగులో దాచేస్తే నాకు తెలీదనుకున్నారా మామయ్యా?"

దొరికిపోయిన దొంగలా నవ్వాడాయన. కోడలు నవ్వలేదు. బుట్టలోని పిల్లను ఎత్తుకుని, దాని చెవికి అంటుకున్న దారపు పోగు తీసి పారేసింది.

"కుట్టుకోండి. వద్దని నేననను. కానీ రేపు నేను రాను, పిల్లనీ పంపను. ముందే చెప్తున్నా. తర్వాత నన్ను అనుకుని లాభం లేదు."

అంత మాటా అనేసి లోపలికి వెళ్ళిపోయింది. ముసలాయన బుర్ర గోక్కుని, మిషను బల్ల మీద అరచెయ్యి ఆనించి, పొద్దుటి ప్రార్థన చేసుకున్నాడు. ఆయన ప్రార్థనలు ఎప్పుడూ పొట్టివే. "తండ్రీ, ఇవాళ కూడా చెయ్యి వణక్కుండా చూడు. కోడలి సంగతి నీకు తెలిసిందే. నేను మళ్ళీ మొదట్నించీ చెప్పక్కర్లేదు. ఆమెన్."

రేపు ఆదివారం. రేపు చర్చిలో మనవరాలికి ప్రతిష్ఠ. బిడ్డను అందరి ముందూ పైకెత్తి, ఇది నువ్విచ్చిన బిడ్డ, నీ చేతుల్లోనే పెడుతున్నాం అని దేవుడికి చెప్పుకోవడం. ఎత్తాల్సింది తల్లి. తల్లే రానంటే ఇంకేం ప్రతిష్ఠ? కొడుకు బస్సు డ్రైవరు. పెళ్ళానికీ తండ్రికీ మధ్య నలిగిపోయి, ఏ సంగతెత్తినా "దాన్ని బలవంతం చెయ్యకండి నాన్నా" అని బండి తాళాలు తీసుకుని బయటపడేవాడు. ముసలాయన బలవంతం చేసే మనిషి కాడు, అది వేరే సంగతి. కానీ ఆయన దగ్గర వాయిదా వేసుకునేంత వ్యవధి కూడా లేదు. మొన్న డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, మిషను తొక్కడం మానెయ్యమన్నాడు. "కాళ్ళు ఆడుతున్నంతసేపే అదీ ఆడేది డాక్టరు గారూ" అని నవ్వేసి వచ్చాడు గానీ, నాలుగడుగులు వేస్తే ఊపిరి ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతోందో ఆయనకు తెలియంది కాదు. పోతానని భయం లేదు. పోయేలోపు ఆ పిల్లను దేవుడి ముందు ఎత్తిపట్టుకున్న కోడల్ని ఒక్కసారి చూడాలి. ఈ లోకంలో ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

వీధిలో ఆయన్ని టైలరని ఎవరూ అనరు. వదులు తాత అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన దగ్గర కుట్టించుకున్న బట్ట ఏదైనా సరే, బయట కనిపించేది సగమే. మిగతాది లోపల దాక్కుని ఉంటుంది. స్కూలు లంగాకు కింద మడత మీద మడత, చొక్కా పక్క కుట్ల లోపల నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ, చేతుల అంచుల్లో ఇంకో మడత. కొత్త బట్టలు తొడుక్కున్న పిల్లలు గాలొస్తే ఎగిరిపోతారేమోనని తల్లులు హడలిపోయేవారు. "ఇందులో ఇంకొకణ్ణి కూడా పట్టించొచ్చు కదా తాతా" అని ఎవరైనా వేళాకోళమాడితే, "ఆ ఇంకొకడూ వీడే. వచ్చే ఏడు వస్తాడు, చూస్తూ ఉండు" అనేవాడు. వచ్చేవాడు కూడా. అప్పుడు తాత బ్లేడుతో కుట్టు విప్పి, మడత కిందికి దించి, ఇస్త్రీపెట్టెతో గట్టిగా అదిమి ఇచ్చేవాడు. పాత గుడ్డ కింద ఎండ తగలని కొత్త గుడ్డ అంచు ఒకటి ముదురు రంగులో కనపడేది. ఆ వీధి పిల్లల్ని ఆ అంచు చూసి గుర్తుపట్టెయ్యొచ్చు.

ఇప్పుడు నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆయన చిన్నప్పటి సంగతి వింటే నవ్వు రాదు. అమ్మా నాన్నా లేని పిల్లాడు. చర్చి వాళ్ళ హాస్టల్లో పెరిగాడు. రెండేళ్ళకోసారి ఒక జత బట్టలిచ్చేవారు. పిల్లాడు పెరిగేవాడు, చొక్కా పెరిగేది కాదు. పాడేటప్పుడు చేతులెత్తి దేవుణ్ణి స్తుతించండ్రా అని వార్డెను గారు చెబితే పిల్లలంతా ఎత్తేవాళ్ళు, ఈయన ఎత్తేవాడు కాదు. ఎత్తితే చొక్కా కూడా పైకి లేచి బొడ్డు బయటపడేది. పాపం వార్డెను గారికి ఆ సంగతి తెలీక, వీడికి భక్తి లేదని రెండు తగిలించేవారు. ఆ దెబ్బలు తింటూనే అనుకున్నాడు, తను పెద్దయ్యాక బట్టలు కుడతాననీ, తను కుట్టిన చొక్కాలో ఏ పిల్లాడూ చేతులెత్తడానికి సిగ్గుపడకూడదనీ. అనుకున్నట్టే కుట్టాడు. అంతటితో ఆగలేదు, ప్రతి మడతకూ ఒక చిన్న ప్రార్థన తగిలించాడు. "ఇది విప్పేదాకా వీణ్ణి చల్లగా చూడు తండ్రీ" అని గొణుక్కుంటూ దారం లాగేవాడు. పక్కన కూర్చున్నవాళ్ళకు ముసలాడు తనలో తాను లెక్కలేసుకుంటున్నాడనిపించేది.

పొద్దెక్కేసరికి రొట్టెల కొట్టాయన వచ్చాడు, భుజాన పెళ్ళినాటి కోటు వేసుకుని, చేతిలో వేడి రొట్టె పొట్లంతో. మరదలి పెళ్ళి దగ్గర పడిందట.

"బొత్తాం పడ్డం లేదు తాతా. బొత్తానికీ కాజాకీ మధ్య జానెడు దూరం వచ్చేసింది. మా ఆవిడేమో కొత్తది కొనొద్దంటుంది."

"రొట్టెలు అమ్మాలి నాయనా. కాల్చినవన్నీ నువ్వే తింటే ఎలా?"

"నేనెక్కడ తింటున్నాను! వాసన పీల్చే ఇంతయ్యాను."

తాత కోటును తిరగేసి, అస్తరు అంచు విప్పి లోపలికి వేళ్ళు పోనిచ్చాడు. మొహం వెలిగిపోయింది. కుట్లకు రెండు పక్కలా బోలెడంత గుడ్డ, కొన్ననాటి నిగనిగతో అలాగే ఉంది. "చూడు, చూడు. ఆ రోజు చీపురుపుల్లలా వచ్చి నిలబడ్డావు. ఒంటికి అంటుకున్నట్టు కుట్టమని నా ప్రాణం తీశావు. గుర్తుందా? సరే సరే అంటూ ఇదంతా లోపల పెట్టేశాను."

"నేనింత లావవుతానని మీకెలా తెలుసు తాతా?"

"లావవుతావని తెలీదు. ఉంటావని అనుకున్నా. ఉన్నవాడికి గుడ్డ కావాలి కదా."

రొట్టెల కొట్టాయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. పొట్లంలోంచి సగం రొట్టె తుంచి కోడలి కోసం పక్కన పెట్టి, మిగతా సగం నములుతూ తాత సొరుగు తెరిచాడు. తెల్లటి చిన్న గౌను. మెడ దగ్గర సన్న కుచ్చులు, వీపున మూడు బొత్తాలు. ఒళ్ళూ చేతులూ అయిపోయాయి. కింది అంచు మడిచి కచ్చా కుట్టు వేసి ఉంది. ఇక చేతికుట్టు మిగిలింది.

ఈ తెల్లగుడ్డ తానులోంచే అంతకు ముందు ఇంకో గౌను వచ్చింది. రెండేళ్ళ కిందట. కోడలికి తొలిచూలు మగబిడ్డ. నవ్వడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు, తాత మిషను చప్పుడు వింటే ఏడుపు ఆపేసేవాడు. జ్వరం వచ్చింది. ఆసుపత్రికి పరిగెత్తారు. అన్నీ చేశారు. వారం తిరక్కుండానే వాణ్ణి తువ్వాల్లో చుట్టుకుని తిరిగొచ్చారు. వాడికి తొడగడానికి తెల్లటి గౌను కావాలి. వేరే టైలరు దగ్గరికి ఎవరు వెళతారు? ఆయనే మిషను ముందు కూర్చుని కుట్టాడు. ఆ రోజు పెడలు చప్పుడుకు వాడు లేచి చూస్తాడేమోనని ఇంట్లో అందరూ పిచ్చిగా ఎదురుచూశారు.

గౌను తొడగబోతూ కోడలు కింది అంచు చూసింది. బెత్తెడు మడత. ఆయన అందరికీ పెట్టే మడతే.

"ఇదెప్పుడు విప్పుతారు మామయ్యా?" అంది.

ఆయన ఇటివ్వమ్మా అని గౌను అందుకుని, కాసేపు చేతుల్లో పెట్టుకుని, మళ్ళీ అలాగే ఇచ్చేశాడు. మడత అలాగే ఉంది. అలాగే వాణ్ణి మట్టిలో పెట్టారు. ఆ సాయంత్రం చర్చి అయ్యగారు వచ్చి పక్కన కూర్చుని ఓదార్చబోయారు. మన బతుకులు చాలా చిన్నవమ్మా, దేవుడు మాత్రం మొదలూ చివరా లేనివాడు, ఆయన మీద ఆనుకుందాం అన్నారు. కోడలు తలెత్తి, "ఆయన దగ్గర అంత కాలం ఉంది కదండీ, నా కొడుక్కి కొంచెం ఇస్తే ఏం తగ్గిపోయేది?" అని అడిగింది. అయ్యగారు మంచివారు. తెలియని జవాబు చెప్పలేదు. తల వంచుకుని ఆమెతో పాటు ఏడ్చారు. ఆ రోజు నుంచి కోడలు చర్చి గడప తొక్కలేదు. ఇంట్లో ఎవరికీ ఏ లోటూ రానివ్వలేదు, మామగారి సూదులకు దారం ఎక్కించడం ఒక్కరోజు కూడా మానలేదు. కానీ ఇంటి ప్రార్థనకు అందరూ కూర్చుంటే ఆమె లేచి వెళ్ళి గిన్నెలు తోముకునేది.

ఆ అయ్యగారే మధ్యాహ్నానికి కాస్త ముందు కొట్టుకు వచ్చారు. పొడుగాటి మనిషి, గుమ్మం దగ్గర ఎప్పుడూ తల కొట్టుకుంటారు. ఇవాళా కొట్టుకున్నారు.

"వందనాలు అయ్యగారూ. నా గుమ్మం మీకు నమస్కారం పెట్టడం నేర్పలేకపోతోంది."

"నేర్పుతూనే ఉంది తాతా, నేనే నేర్చుకోవడం లేదు" అని నుదురు రుద్దుకుంటూ తెల్ల అంగీ బల్ల మీద పెట్టారు. చంక దగ్గర కుట్టు వీడింది. "ప్రసంగంలో చెయ్యెత్తాను, పర్రుమంది. ముందు వరస పిల్లలంతా నవ్వు."

"చేతులు అంతంత ఊపితే మరి? అయినా నా గుడ్డకంటే మీ ప్రసంగంలోనే మడతలెక్కువ అయ్యగారూ. అయిపోయిందనుకుంటాం, ఇంకోటి విప్పుతారు."

అయ్యగారు పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించారు. "రేపు వస్తుందంటారా?"

"రానంది."

"నేను మాట్లాడనా?"

"వద్దండి. దాని ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. లేనిది ఉన్నట్టు చెబితే మన మొహం చూడ్డం కూడా మానేస్తుంది." అంగీ మడత పెడుతూ అన్నాడు, "కానీ నేను చెప్పాల్సింది ఒకటుంది. రెండేళ్ళుగా నోటిదాకా వస్తుంది, మింగేస్తున్నాను."

అయ్యగారు వెళ్ళాక కోడలు వచ్చి పిల్లను బుట్టలో పడుకోబెట్టి, మంచినీళ్ళూ మాత్రలూ బల్ల మీద పెట్టింది. తాత చూసుకోలేదు. గౌను అంచు ఒళ్ళో పరుచుకుని, వేలికి ఇత్తడి టోపీ తొడుక్కుని, చిన్న చిన్న కుట్లు వేస్తున్నాడు. పక్కన బుట్టలో పిల్ల గుప్పిట్లు చీక్కుంటూ అటూ ఇటూ కదులుతోంది.

"ఆ చివర కొంచెం పట్టుకో తల్లీ. జారిపోతోంది."

పట్టుకోక తప్పలేదు. పట్టుకున్నాక చూడకా తప్పలేదు. మడత కింద ఇంకో మడత, దాని కింద ఇంకోటి.

"ఇన్నెందుకు మామయ్యా?"

"ఒకటి నడిచేటప్పటికి. ఒకటి బడికెళ్ళేటప్పటికి. ఆ పైన గౌనుగా చాలదు, జాకెట్టు చేసుకోవచ్చు. నేను ఉండను కదా, నువ్వే విప్పుకోవాలి. అందుకే కుట్లు వదులుగా వేస్తున్నా, సులువుగా ఊడొస్తాయి."

గుడ్డ పట్టుకున్న కోడలి వేళ్ళు బిగుసుకోవడం ఆయనకు తెలిసింది.

"వాడికీ ఇలాగే వదిలారు" అంది చివరికి.

ముసలాయన సూది ఆపేశాడు.

"నేను వదల్లేదమ్మా."

"నా కళ్ళతో నేను చూశాను."

"నేను వదల్లేదు. చెయ్యి వదిలింది. ఆ రోజు నా మనసు అక్కడ లేదు తల్లీ. ఎవరి బట్ట కుడుతున్నానో చేతికి ఎవరూ చెప్పలేదు. అది రోజూ చేసేదే చేసుకుపోయింది. మడిచింది, కుట్టింది. నోరు కూడా అలవాటైన మాటే అనేసింది, ఇది విప్పేదాకా వీణ్ణి చల్లగా చూడు అని. నువ్వు అడిగాక గానీ నేను చూసుకోలేదు. చూశాక నా గుండె ఆగినంత పనైంది. నీ దగ్గర్నుంచి గౌను తీసుకున్నా చూడు, విప్పేద్దామనే తీసుకున్నా. బ్లేడు కూడా పట్టుకున్నా."

"మరి విప్పలేదే?"

"చెయ్యి రాలేదు." ఆయన వేలి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "విప్పి కోసేస్తే, వీడింతే, ఇంకెప్పటికీ ఇంతే అని నా నోటితో నేను చెప్పినట్టే కదా. అలా తేల్చెయ్యడానికి నేనెవర్ని? నా మనవడు వాడు. అందుకని నీకు తిరిగిచ్చేశాను. ముసలాడు మొండికేశాడనుకున్నావు నువ్వు. అనుకోనీలే అని ఊరుకున్నా. పొరపాటున పెట్టానని చెబితే నిన్ను ఇంకా ఏడిపించినట్టవుతుందని భయమేసింది."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. కోడలు నేల మీద కూలబడి, గౌను అంచు వదలకుండా ఏడ్చింది. రెండేళ్ళుగా గిన్నెల చప్పుడులో దాచుకున్న ఏడుపు. ముసలాయన ఆపమనలేదు. ఆమె తల నిమురుతూ కూర్చున్నాడు.

"అయ్యగారిని నువ్వడిగావు చూడు, ఆయన దగ్గర అంత కాలం ఉంది కదా, కొంచెం ఇస్తే ఏం పోయిందని. దానికి జవాబు నాకు ఇప్పటికీ తెలీదు. త్వరలో కనపడతాడుగా, నేనే అడుగుతా. మా కోడలు అడగమంది, చెప్పేదాకా కదలనంటా."

ఏడుపులోనే కోడలికి నవ్వొచ్చింది. ముక్కు ఎగబీల్చి, "ఊరుకోండి" అంది.

"ఒకటి మాత్రం అనుకుంటూ ఉంటాను. బట్టల కొట్లో ఎన్ని తానులు చూశాను నేను! ఎంత లావు తానైనా విప్పుకుంటూ పోతే, చివరికి మధ్యలోని అట్ట బయటపడాల్సిందే. నాకిప్పుడు అట్ట కనపడుతోంది. వాడికి మొదట్లోనే కనపడింది. నీకూ ఒకరోజు కనపడుతుంది. దేవుడి తానుకి అట్ట లేదు. ఎంత విప్పినా ఆయన దగ్గర అయిపోదు. అయిపోనివాడి ఒళ్ళోకి వెళ్ళిన పిల్లాడు, గుడ్డ చాలక పొట్టి చొక్కా వేసుకుని మూల నిలబడతాడా అమ్మా? పెరుగుతూనే ఉంటాడు. ఆయనకి తొందరేముంది, నిదానంగా ఒక్కో మడతా విప్పుతూ ఉంటాడు. నా చెయ్యి చేసింది పొరపాటే. కానీ ఆ పొరపాటు పట్టుకునే ఈ రెండేళ్ళూ బతికాను."

బుట్టలోని పిల్ల కుయ్యిమని రాగం తీసేసరికి కోడలు కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "ముందు ఆ మాత్రలు వేసుకోండి" అని ఆయన వేసుకునేదాకా నిలబడి, పిల్లను ఎత్తుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"చేతులు మరీ పొడుగ్గా పెట్టారు మామయ్యా. కొంచెం పైకి మడవండి. రేపు అందరి ముందూ ఎత్తినప్పుడు పిల్ల వేళ్ళు కనపడొద్దా?"

ఆ మాట ఆయనకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక తొడ మీద చరుచుకుని, "మడుస్తా, మడుస్తా! కొయ్యను మాత్రం!" అని అరిచినంత పని చేశాడు. లోపల్నుంచి "కొయ్యరని తెలుసులెండి" అని వినపడింది.

ఆ మధ్యాహ్నం ఆయన సంతోషం చెప్పనలవి కాదు. గౌను చేతులు మడిచి కుట్టాడు. అయ్యగారి అంగీకి చంక కుట్టు వేసి, ఎందుకైనా మంచిదని లోపల ఇంకో ముక్క కూడా అతికించాడు. హాస్టల్లో నేర్చుకున్న పాట ఒకటి కూనిరాగం తీశాడు. మధ్యలో పాట ఆపి, ఎవరూ చూడకుండా రెండు చేతులూ పైకెత్తి దించాడు. ఊపిరి అందలేదు. కాసేపు గోడకు ఆనుకుని, మళ్ళీ గౌను ఒళ్ళోకి లాక్కుని, కింది అంచు కుట్టడం మొదలుపెట్టాడు.

లోపల కోడలు పిల్లను నిద్రపుచ్చుతూ ఆ కూనిరాగం వింటోంది. రాగం ఆగింది. చేతికుట్టు కదా, కుట్లు చూసుకుంటూ ఉంటారులే అనుకుంది. టీ కాచి, గ్లాసు తీసుకుని వచ్చేసరికి ఆయన గోడకు తల ఆనించుకుని ఉన్నాడు. గౌను ఒళ్ళోనే ఉంది. సూది ఇంకా రెండు వేళ్ళ మధ్యే ఉంది, దారం తెగలేదు. మొహంలో బాధ లేదు. మామయ్యా, మామయ్యా అని రెండుసార్లు పిలిచింది. టీ గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టి, ఆయన మోకాళ్ళ మీద తల ఆనించి కూర్చుండిపోయింది.

సాయంత్రానికి ఇల్లంతా జనం. వదులు చొక్కాల్లో పెరిగి పెద్దవాళ్ళయిన వాళ్ళే అందరూ. రొట్టెల కొట్టాయన చిన్నపిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టాడు. కొడుకు తన పెళ్ళికి తండ్రి వేసుకున్న తెల్లచొక్కా పెట్టెలోంచి తీసి తొడిగాడు. ఈ మధ్య మనిషి బాగా చిక్కిపోయాడేమో, అది భుజాల మీద నిలబడలేదు. వెనక రెండు పిన్నులు పెడదామన్నారెవరో.

"వద్దు, ఉండనీండి" అంది కోడలు. "ఆయనకి వదులుగా ఉంటేనే బాగుంటుంది."

అయ్యగారు ఆమెను పక్కకు పిలిచి, ప్రతిష్ఠ ఇంకో ఆదివారానికి మార్చుకుందామమ్మా అన్నారు.

"మార్చకండి అయ్యగారూ. రేపే. ఆయన్ని కూడా ముందు వరసలో పెట్టండి."

ఆ తర్వాత మామగారు కూర్చునే పీట మీదే కూర్చుని, ఆయన వేళ్ళ మధ్య నుంచి తీసిన సూదితో, ఆయన ఆపిన చోటు నుంచి కుట్టడం మొదలుపెట్టింది. అది అయిపోతే దిండులోని ఇంకో తెల్లసూది తీసుకుంది. ఆయన చెప్పినట్టే కుట్లు వదులుగా వేసింది. ఆమె పెదాలు కదులుతూ ఉండడం కొడుకు చూశాడు. ఏమంటున్నావని అడగలేదు.

మర్నాడు చర్చిలో బల్ల ముందు పెట్టెలో తాత, పెట్టె పక్కన కోడలు. రెండేళ్ళ తర్వాత ఆ గడప దాటి వచ్చింది. అయ్యగారు సైగ చెయ్యగానే పిల్లను రెండు చేతుల మీదా పైకెత్తింది. ఆ గౌను పిల్ల పాదాలు దాటి, ఇంకా కిందికి, తల్లి మోచేతుల దాకా వేలాడింది. వెనక వరసలో ఎవరో ఆపుకోలేక నవ్వారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకి, కళ్ళు తుడుచుకుంటూనే అందరూ నవ్వారు. "ఇది నువ్విచ్చిన బిడ్డ" అంది కోడలు గట్టిగా. ఒక్క క్షణం పెట్టె వైపు చూసింది. "నీ చేతుల్లోనే పెడుతున్నాం. వాణ్ణి కూడా."

అయ్యగారు ఆ రోజు ప్రసంగం చాలా పొట్టిగా ముగించారు.

సోమవారం పొద్దున్నే పాలవాడి గంట చప్పుడుకు కోడలికి మెలకువ వచ్చింది. పిల్లను చంకనేసుకుని వచ్చి, కత్తిరింపు ముక్కల బుట్టలో పడుకోబెట్టి, కొట్టు తలుపు ఒక రెక్క తీసి, గుమ్మం దగ్గర వెలుతురులో నిలబడింది. దారం చివర నోట్లో తడిచేసి, బెజ్జంలో దూర్చి, లాగి, పంటితో కొరికింది. కొరికాక గుర్తొచ్చింది. మిషను మీద గుడ్డ కప్పే ఉంది. పీట ఖాళీగా ఉంది.

దారం బయటికి లాగేద్దామని చివర పట్టుకుంది. చెయ్యి రాలేదు.

సూదిని దిండుకు గుచ్చి, పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. మిషను చక్రానికి వేలాడే ఆ పాత గుడ్డ దిండు మధ్యలో తెల్లసూది, వీధిలోంచి వచ్చే గాలికి దాని దారం మెల్లగా ఊగుతూ ఉంది.